ఆప్షన్లన్నీ ఒక ఫైల్లో రాసి ప్రోగ్రాంకి ఇవ్వడం ఎలా

తెనాలిలో మా బావకి ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళి ఫోటోలు వాట్సాప్‌లో పంపే ముందు వాటి సైజు తగ్గించి, మూలన స్టూడియో పేరు వేసే చిన్న పైథాన్ ప్రోగ్రాం ఒకటి రాసిచ్చాను. ప్రోగ్రాం బానే నడిచేది, కమాండే బారెడు. వెడల్పు ఎంత, నాణ్యత ఎంత, ఏ పేరు వెయ్యాలి, ఎక్కడ సేవ్ చెయ్యాలి, ఇవన్నీ ప్రతిసారీ కొట్టాలి. పెళ్ళి ఉన్న ప్రతి వారం ఫోన్ వచ్చేది, "ఏరా, ఆ కమాండ్ మళ్ళీ ఓసారి పంపు" అని. నేను ఫోన్లో టైప్ చేసి పంపితే కీబోర్డు తెలివి చూపించి పక్కపక్కనున్న రెండు చిన్న గీతల్ని కలిపి ఒక పొడుగు గీత చేసేసేది, ఆయన దాన్నే కాపీ చేసి పేస్ట్ చేసేవాడు, ప్రోగ్రాం ఆ ఆప్షన్ నాకు తెలీదనేది, నేను తప్పెక్కడుందో తెలీక అరగంట జుట్టు పీక్కునేవాణ్ణి.

చివరికి ఆప్షన్లన్నీ ఒక ఫైల్లో రాసి ఆయన కంప్యూటర్లోనే పెట్టేశాను. ఇప్పుడు ఆయన కొట్టేది ఇంతే:

పైథాన్ ఫోటో.పై @పెళ్ళి.టెక్స్ట్ రిసెప్షన్

ఆ @ గుర్తు "ఈ పేరున్న ఫైల్ తెరిచి, అందులో ఉన్నవన్నీ నేనే ఇక్కడ టైప్ చేసినట్టు అనుకో" అని చెబుతుంది. చివరున్న రిసెప్షన్ అనేది ఫోటోలున్న ఫోల్డర్ పేరు. ఇలాంటి ఫైల్‌ని రెస్పాన్స్ ఫైల్ అంటారు, ఆర్గ్యుమెంట్ ఫైల్ అని కూడా అంటారు. మీ ప్రోగ్రాంకి ఈ సదుపాయం ఎలా పెట్టాలో, పెట్టాక ఎక్కడెక్కడ తన్నుతుందో చెబుతాను. ఒక మాట ముందే: పైథాన్ పదాల్ని ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, ఎడిటర్లో మాత్రం వాటి ఇంగ్లీష్ స్పెల్లింగే కొట్టాలి. ఆప్షన్ల పేర్లు మాత్రం నేను నిజంగానే తెలుగులో పెట్టాను, బావకి అలాగైతే గుర్తుంటాయని. పైథాన్ 3కి దాంతో ఏ ఇబ్బందీ లేదు.

ముందు అసలు మీకు ఇది కావాలా

రెండు మూడు ఆప్షన్లయితే అక్కర్లేదు, ఊరికే హంగామా. ఒకే ఆప్షన్ల కట్టని రోజూ వాడుతుంటే, లేదా ప్రోగ్రాంకి ఇవ్వాల్సిన ఫైల్ పేర్లు వందలు వేలు ఉంటే అప్పుడు కావాలి. కమాండ్ లైన్‌కి ఒక హద్దు ఉంది మరి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక లైను 8191 అక్షరాలు దాటకూడదు, విండోస్ ఒక ప్రోగ్రాంని మొదలుపెట్టేటప్పుడు ఇచ్చే మొత్తం కమాండ్‌కి పరిమితి 32,767 అక్షరాలు. లినక్స్‌లో మామూలుగా మొత్తం 2 ఎంబీ దాకా పడుతుంది, కానీ అందులో ఏ ఒక్క ఆర్గ్యుమెంటూ, అంటే ప్రోగ్రాంకి ఇచ్చే ఏ ఒక్క ముక్కా, 128 కేబీ దాటకూడదు. పెళ్ళికి నాలుగు వేల ఫోటోలు తీసి, ఫోల్డర్ కాకుండా ఒక్కో ఫోటో పేరూ పూర్తి పాత్‌తో ఇచ్చారనుకోండి, విండోస్‌లో ఆ హద్దు ఇట్టే దాటిపోతారు.

అసలు కిటుకు

దీన్ని అర్థం చేసుకోకుండా ముందుకెళ్తే తర్వాత ప్రతిదీ వింతగానే కనిపిస్తుంది. టెర్మినల్లో మీరు కొట్టిన లైను ఉన్నదున్నట్టు ప్రోగ్రాంకి చేరదు. లినక్స్‌లో మధ్యలో షెల్, అంటే మీరు కొట్టిన లైన్‌ని ముందుగా చదివే ప్రోగ్రాం, కూర్చుని, ఖాళీలున్న చోట ముక్కలు చేసి, కొటేషన్ గుర్తులు పీకేసి, నక్షత్రం గుర్తుంటే దానికి సరిపోయే ఫైల్ పేర్లన్నీ తెచ్చిపెట్టి, ముక్కల జాబితాగా ప్రోగ్రాం చేతికిస్తుంది. విండోస్‌లో ముక్కలు చేసేదీ కొటేషన్లు తీసేదీ ప్రోగ్రాంతో పాటు వచ్చే లైబ్రరీ, పద్ధతి కాస్త వేరు, ఫలితం మాత్రం దాదాపు అదే.

అదే లైను ఫైల్లో రాస్తే దాన్ని షెల్ చూడనే చూడదు. షెల్‌కి కనిపించేది @పెళ్ళి.టెక్స్ట్ అనే ఒక్క ముక్కే. కాబట్టి ఖాళీల దగ్గర విడగొట్టడం, కొటేషన్లు తియ్యడం లాంటివి చేస్తే ప్రోగ్రామే చెయ్యాలి, చెయ్యకపోతే లేనట్టే. ఏం చేస్తుందన్నది ఒక్కో ప్రోగ్రాంకి ఒక్కో తీరు. కింద నేను చెప్పబోయే తంటాలన్నీ దాదాపు ఇందులోంచి పుట్టినవే.

ఒకటో మెట్టు: మామూలు ప్రోగ్రాం

ముందు ఫైల్ గోల లేకుండా ఆర్గ్యుమెంట్లు సరిగ్గా తీసుకునే ప్రోగ్రాం రాసుకోండి. పైథాన్‌లో దీనికి ఆర్గ్‌పార్స్ అనే లైబ్రరీ ఉంది, పైథాన్‌తో పాటే వస్తుంది, 3.2 నుంచి ఉంది, విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. నాది ఇలా ఉంటుంది:

పార్సర్ = ఆర్గ్‌పార్స్.ఆర్గ్యుమెంట్‌పార్సర్()
పార్సర్.యాడ్_ఆర్గ్యుమెంట్("--వెడల్పు", టైప్=ఇంట్, డిఫాల్ట్=1600)
పార్సర్.యాడ్_ఆర్గ్యుమెంట్("--నాణ్యత", టైప్=ఇంట్, డిఫాల్ట్=82)
పార్సర్.యాడ్_ఆర్గ్యుమెంట్("--పేరు")
పార్సర్.యాడ్_ఆర్గ్యుమెంట్("--ఎక్కడికి")
పార్సర్.యాడ్_ఆర్గ్యుమెంట్("ఫోల్డర్లు", ఎన్ఆర్గ్స్="+")

చివరిది గీతల్లేకుండా వచ్చే ఆర్గ్యుమెంట్, ప్లస్ గుర్తు పెట్టాం కాబట్టి కనీసం ఒక ఫోల్డర్ ఇవ్వాలి, ఎన్నైనా ఇవ్వొచ్చు. టెర్మినల్లో చేత్తో ఆప్షన్లు కొట్టి ఒకసారి నడిపి చూడండి. ఇక్కడ పనిచెయ్యనిది ఫైల్లో పెట్టినా పనిచెయ్యదు.

రెండో మెట్టు: ఒక్క ముక్క చేర్చడం

మొదటి లైన్లో బ్రాకెట్ల మధ్య ఇది పెట్టండి:

ఫ్రమ్‌ఫైల్_ప్రిఫిక్స్_చార్స్="@"

అంతే, @తో మొదలయ్యే ప్రతి ఆర్గ్యుమెంట్‌నీ ఇక ఫైల్ పేరుగా చూస్తుంది. ఇది పెట్టకపోతే @కి ఏ ప్రత్యేకతా లేదు, మామూలు అక్షరమే. మీ ప్రోగ్రాంకి నిజంగానే @తో మొదలయ్యే విలువలు, అంటే సోషల్ మీడియా హ్యాండిళ్ళలాంటివి ఇవ్వాల్సి వస్తుందనుకుంటే @ బదులు ప్లస్ గుర్తో ఇంకోటో పెట్టుకోండి. లేకపోతే ఆ హ్యాండిల్ పేరుతో ఫైల్ కోసం వెతికి, లేదని చెప్పి ఆగిపోతుంది.

మూడో మెట్టు: ఫైల్ రాయడం

నోట్‌ప్యాడ్ తెరిచి ఇలా రాయండి:

--వెడల్పు=1600
--నాణ్యత=82
--పేరు=మా ఫోటో స్టూడియో
--ఎక్కడికి=చిన్నవి

ఆర్గ్‌పార్స్ నియమం చాలా సింపుల్, ఒక లైను అంటే ఒక ఆర్గ్యుమెంట్. లైన్లో ఎన్ని ఖాళీలున్నా విడగొట్టదు. అందుకే మూడో లైన్లో స్టూడియో పేరుకి కొటేషన్లు పెట్టలేదు, అక్కర్లేదు. అలవాటు కొద్దీ పెట్టారో, ఆ కొటేషన్ గుర్తులు కూడా పేరులో భాగమైపోయి ఫోటో మీద అచ్చవుతాయి. మా బావ ఒక ఎంగేజ్‌మెంట్ ఫోటోలన్నింటి మీదా అలాగే వేసి పంపాడు. కస్టమర్లు డిజైన్ అనుకున్నారట!

సమానం గుర్తు తప్పకుండా పెట్టండి. టెర్మినల్లో కొట్టినట్టు ఖాళీ వదిలి "--వెడల్పు 1600" అని ఒకే లైన్లో రాస్తే అది మధ్యలో ఖాళీ ఉన్న ఒకే ఒక్క ముక్క అవుతుంది. ఆర్గ్‌పార్స్ దాన్ని చూసి "ఖాళీ ఉంది కాబట్టి ఇది ఆప్షన్ కాదు" అనుకుని ఫోల్డర్ పేర్ల లెక్కలో వేసేస్తుంది. ఆ తర్వాత వచ్చే ఎర్రర్ చూస్తే మతిపోతుంది. మా ఫైల్లో అది మొదటి లైను, ఫోల్డర్ పేరేమో కమాండ్ చివర ఉంది. ఫోల్డర్లు దొరికేశాయనుకుని ఆర్గ్‌పార్స్ చివరున్న అసలు ఫోల్డర్ని పట్టుకుని "గుర్తుపట్టలేని ఆర్గ్యుమెంట్: రిసెప్షన్" అంది. తప్పు చేసింది వెడల్పు, తిట్లు పడింది రిసెప్షన్‌కి. ఆ ఫోల్డర్ పేరు మార్చి, చోటు మార్చి, ఏమేం చేశామో ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది. సమానం గుర్తు వద్దనుకుంటే పేరు ఒక లైన్లో, విలువ దాని కింది లైన్లో రాయొచ్చు, అదీ సరైనదే, కానీ చదవడానికి నాకు నచ్చదు.

ఖాళీ లైన్లు కూడా వద్దు, ప్రస్తుతానికి. ఖాళీ లైను అంటే ఖాళీ ఆర్గ్యుమెంట్, అది కూడా పేరు లేని ఫోల్డర్‌గా లెక్కలోకి పోతుంది. ఫైల్ చివర ఒక ఎంటర్ ఉంటే ఫర్వాలేదు, రెండుంటే తంటా.

నాలుగో మెట్టు: ఖాళీ లైన్లూ వ్యాఖ్యలూ రాసుకునే వీలు

వేరేవాళ్ళ చేతికిచ్చే ఫైల్లో "నాణ్యత 90 దాటించకు, సైజు పెరిగిపోద్ది" లాంటి మాట ఒకటి రాసిపెట్టుకునే వీలు ఉండాలి. ఆర్గ్‌పార్స్ ప్రతి లైన్‌నీ ఒక ఫంక్షన్‌కి ఇచ్చి, అది తిరిగి ఇచ్చిన జాబితాని ఆర్గ్యుమెంట్లుగా తీసుకుంటుంది. ఆ ఫంక్షన్‌ని మనం మార్చుకోవచ్చు:

క్లాస్ నాపార్సర్(ఆర్గ్‌పార్స్.ఆర్గ్యుమెంట్‌పార్సర్):
    డెఫ్ కన్వర్ట్_ఆర్గ్_లైన్_టు_ఆర్గ్స్(సెల్ఫ్, లైన్):
        లైన్ = లైన్.స్ట్రిప్()
        ఇఫ్ నాట్ లైన్ ఆర్ లైన్.స్టార్ట్స్‌విత్("#"):
            రిటర్న్ []
        రిటర్న్ [లైన్]

ఇక ఆర్గ్యుమెంట్‌పార్సర్ బదులు నాపార్సర్ వాడండి. ఖాళీ లైనుకీ #తో మొదలైన లైనుకీ ఖాళీ జాబితా వెళ్తుంది, అంటే ఏమీ లేనట్టే. లైను చివర తెలీకుండా పడ్డ ఖాళీలు కూడా స్ట్రిప్‌తో పోతాయి.

ఈ ఫంక్షన్లో షెల్ఎక్స్.స్ప్లిట్ వాడి, లైన్‌ని షెల్ విడగొట్టినట్టే విడగొట్టమనే సలహా మీకు ఎక్కడైనా తగలొచ్చు. కామెంట్స్=ట్రూ అని ఇస్తే # వ్యాఖ్యల్ని కూడా అదే తీసేస్తుంది, కొటేషన్లు పనిచేస్తాయి, "--వెడల్పు 1600" ఒకే లైన్లో రాయొచ్చు. బానే ఉంటుంది, లినక్స్‌లో ఉన్నంతసేపు. విండోస్ పాత్‌లలో ఉండే వెనక్కి వాలిన గీతని అది "తర్వాతి అక్షరాన్ని ఉన్నదున్నట్టు తీసుకో" అన్న సూచనగా చదివి మింగేస్తుంది. డి డ్రైవ్‌లో ఫోటోలు, అందులో పెళ్ళి అని రాస్తే గీతలన్నీ పోయి అంతా కలిసిపోయిన ఒక పేరు చేతికొస్తుంది. విండోస్ వాళ్ళకిచ్చే ప్రోగ్రాం అయితే నా ఓటు పైన రాసిన ఆరు లైన్లకే.

ఐదో మెట్టు: ఎవరి మాట చెల్లుతుంది

ఫైల్లో వెడల్పు 1600 అని ఉంది, ఈ ఒక్కసారికి 2400 కావాలి. ఫైల్ మార్చక్కర్లేదు:

పైథాన్ ఫోటో.పై @పెళ్ళి.టెక్స్ట్ --వెడల్పు=2400 రిసెప్షన్

ఒకే ఆప్షన్ రెండుసార్లు వస్తే చివర వచ్చినదే నిలుస్తుంది, కాబట్టి @ఫైల్ ముందు, చేత్తో కొట్టేవి దాని తర్వాత. తిరగేసి రాస్తే ఫైల్లోదే గెలుస్తుంది, మీ 2400 గాల్లో కలుస్తుంది, ఎర్రర్ కూడా రాదు. అప్పెండ్ రకం ఆప్షన్లు (యాక్షన్="అప్పెండ్" అని పెట్టినవి) మాత్రం వేరు, వాటిలో కొత్తది పాతదాన్ని కొట్టెయ్యదు, అన్నీ పోగవుతాయి.

ఒక ఫైల్లోంచి ఇంకో @ఫైల్‌ని పిలవొచ్చు కూడా. మామూలు సెట్టింగులన్నీ అందరికీ.టెక్స్ట్‌లో పెట్టి, పెళ్ళి.టెక్స్ట్ మొదటి లైన్లో @అందరికీ.టెక్స్ట్ అని రాశాను. పేర్లు మాత్రం మీరు ఏ ఫోల్డర్లో నిలబడి కమాండ్ కొట్టారో అక్కణ్ణుంచి వెతుకుతుంది, ప్రోగ్రాం ఉన్న చోటునుంచి కాదు, పిలిచిన ఫైల్ ఉన్న చోటునుంచీ కాదు.

ఆరో మెట్టు: తెలుగు అక్షరాలు, విండోస్, పొల్లు

నా ల్యాప్‌టాప్‌లో లినక్స్, అన్నీ నడిచాయి. బావ విండోస్‌లో పెట్టగానే నిలువునా కూలింది, "0ఎక్స్8డి బైట్‌ని డీకోడ్ చెయ్యలేను" అని. కారణం చిత్రంగా ఉంటుంది. నోట్‌ప్యాడ్ ఫైల్‌ని యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే ఒక పద్ధతి) సేవ్ చేసింది. ఆయన పైథాన్ పాతది, 3.12 కంటే ముందుది, అది ఆర్గ్యుమెంట్ ఫైల్‌ని విండోస్ పాత కోడ్‌పేజీలో, అంటే ఏ బైట్‌కి ఏ అక్షరమో చెప్పే పాత పట్టికలో, చదివేది, మన దగ్గర ఇంగ్లీష్ విండోస్‌లో మామూలుగా అది 1252. తెలుగులో ఒత్తు వచ్చిన ప్రతిచోటా లోపల ఒక పొల్లు గుర్తు ఉంటుంది, వెడల్పులో లకీ పకీ మధ్య ఉన్నట్టు. యూటీఎఫ్-8లో ఆ పొల్లుకి మూడు బైట్లు, మూడోది సరిగ్గా 8డి, 1252లో ఆ గడి ఖాళీ. అంటే ఒత్తుల్లేని "మా" లాంటివి పిచ్చి అక్షరాలుగానైనా చదివేది, మొదటి ఒత్తు తగలగానే చేతులెత్తేసింది.

మందు మూడు రకాలు. ఒకటి, పైథాన్ 3.12 లేదా ఆపైది వేసుకోవడం, అందులో ఆర్గ్యుమెంట్ ఫైల్‌ని విండోస్‌లో కూడా యూటీఎఫ్-8గానే చదువుతుంది. రెండు, పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇవ్వడం, 3.7 నుంచి పనిచేస్తుంది. మూడోది నాకు నచ్చినది, @ సదుపాయాన్నే వదిలేసి ఫైల్‌ని మీరే చదవడం. ఓపెన్‌కి ఎన్‌కోడింగ్ "యూటీఎఫ్-8-సిగ్" అని ఇచ్చి లైన్లు తీసి, ఖాళీవీ వ్యాఖ్యలూ ఏరేసి, మిగిలిన జాబితా వెనక టెర్మినల్లోంచి వచ్చిన జాబితాని అతికించి పార్స్_ఆర్గ్స్‌కి ఇవ్వండి, అంతే. ఏ భాషలో రాసినా చేసేది ఇదే, @ అన్నది దీనికి పొట్టిదారి మాత్రమే.

ఆ "సిగ్" తోక ఎందుకంటే, కొన్ని ఎడిటర్లు యూటీఎఫ్-8 ఫైల్ మొదట్లో బామ్ అని కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాయి. అది మొదటి లైన్‌కి అతుక్కుంటుంది, లైను గీతతో కాకుండా ఆ గుర్తుతో మొదలవుతుంది కాబట్టి ఆ ఒక్క ఆప్షనే పనిచెయ్యదు. స్ట్రిప్‌కి కూడా అది ఖాళీలా కనిపించదు, పోదు. సిగ్ పెడితే పోతుంది. విండోస్ 10లో 2019 నుంచి నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్ళని బామ్ లేకుండానే సేవ్ చేస్తోంది. పవర్‌షెల్ 5.1లో ఏదైనా కమాండ్ ఫలితాన్ని బాణం గుర్తుతో ఫైల్లోకి పంపితే మాత్రం యూటీఎఫ్-16లో రాస్తుంది, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8గా మళ్ళీ సేవ్ చేసుకోండి.

పవర్‌షెల్ మాటొచ్చింది కాబట్టి, అక్కడ @కి సొంత అర్థం ఉంది. కొటేషన్లలో '@పెళ్ళి.టెక్స్ట్' అని పెట్టకపోతే మీ ప్రోగ్రాం దాకా రాకుండానే ఎర్రర్ కొడుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ గొడవ లేదు.

ఏం చేరిందో తెలియకపోతే

ఊహించుకుంటూ కూర్చోకండి. పార్స్ చేసిన వెంటనే, అంటే ఆర్గ్స్ = పార్సర్.పార్స్_ఆర్గ్స్() అన్న లైను కింద, ప్రింట్(వార్స్(ఆర్గ్స్)) అని ఒక లైను పెట్టండి. ఏ ఆప్షన్‌కి ఏ విలువ వచ్చిందో కొటేషన్లతో సహా చూపిస్తుంది. ఫోల్డర్ల జాబితాలో "--వెడల్పు 1600" కూర్చుని ఉందా, పేరు చుట్టూ రెండు జతల కొటేషన్లున్నాయా, చివర ఖాళీ పేరు ఒకటి వేలాడుతోందా, చూడగానే తెలిసిపోతుంది. పార్స్ చెయ్యడమే ఆగిపోతుంటే ఫైల్లో ఒక్క లైను ఉంచి మిగతావి తీసేసి, ఒక్కొక్కటే చేరుస్తూ పోండి.

మీరు రాయని ప్రోగ్రాంలకి

@ఫైల్ చాలా చోట్ల ముందే ఉంది, నియమాలే వేరు. జీసీసీ (సీ కంపైలర్) ఖాళీల దగ్గర విడగొడుతుంది, కొటేషన్లు పాటిస్తుంది, ఆ ఫైల్ లేకపోతే మాత్రం ఫైల్ లేదనకుండా @తో సహా దాన్నే మామూలు ఆర్గ్యుమెంట్‌గా తీసుకుంటుంది, పేరు తప్పు కొట్టినప్పుడు ఇది గుర్తుంచుకోండి. జావా కంపైలర్ జావాసీకి ఎప్పటినుంచో ఉంది, జావా కమాండ్‌కి 9వ వెర్షన్లో వచ్చింది. జావా కమాండ్‌లో మాత్రం ఫైల్లోంచి ఇంకో @ఫైల్‌ని పిలవడం కుదరదు. కర్ల్‌కి @ కాదు, పెద్ద కే ఆప్షన్‌తో ఫైల్ ఇవ్వాలి. పిప్‌లో చిన్న ఆర్ ఆప్షన్‌తో ఇచ్చే రిక్వైర్‌మెంట్స్ ఫైల్ కూడా ఈ కుటుంబంలోదే.

ఏ సదుపాయమూ లేని ప్రోగ్రాం అయితే బాష్ అనే షెల్‌లో మ్యాప్‌ఫైల్ అనే కమాండ్‌కి చిన్న టీ ఆప్షన్ ఇచ్చి ఫైల్ లైన్లని ఒక అర్రేలోకి తీసుకుని, ఆ అర్రేని డబుల్ కొటేషన్ల మధ్య ప్రోగ్రాంకి ఇవ్వండి, ఒక లైను ఒక ఆర్గ్యుమెంట్‌గానే వెళ్తుంది. డాలర్ గుర్తు పెట్టి బ్రాకెట్లలో క్యాట్ రాసే పొట్టి పద్ధతి వద్దు, అది ఖాళీ ఉన్న ప్రతి పేరునీ ముక్కలు చేస్తుంది, ఫైల్లో కొటేషన్లు పెట్టినా వినదు. మ్యాప్‌ఫైల్ బాష్ 4లో వచ్చింది, మ్యాక్‌తో వచ్చే బాష్ ఇప్పటికీ 3.2, అక్కడ దొరకదు. విండోస్‌లో రాసిన ఫైల్ అయితే ప్రతి లైను చివరా కనిపించని క్యారేజ్ రిటర్న్ ఉండిపోతుంది, ముందు డాస్2యునిక్స్‌తో శుభ్రం చేసుకోండి. పైన పైథాన్‌లో ఈ బాధ లేదు, అది రెండు రకాల లైన్ చివరల్నీ ఒకేలా చదువుతుంది.

పాస్‌వర్డ్ ఉంటే

కమాండ్ లైన్లో పాస్‌వర్డ్ కొడితే అది టెర్మినల్ హిస్టరీలో మిగిలిపోతుంది, లినక్స్‌లో మామూలుగా నడుస్తున్న ప్రోగ్రాంలని చూపే పీఎస్ కమాండ్ కొట్టిన వేరే యూజర్‌కి కూడా కనిపిస్తుంది. ఫైల్లో ఉంటే కనిపించేది @ఫైల్ పేరు మాత్రమే. అలాగని దాన్ని అందరికీ చదివే అనుమతితో వదిలేస్తే దొడ్డిదారి తెరిచినట్టే, సీహెచ్‌మాడ్ 600 కొట్టి మీరు తప్ప వేరేవాళ్ళు తెరవలేకుండా చెయ్యండి, గిట్ వాడుతుంటే గిట్‌ఇగ్నోర్‌లో ఆ పేరు చేర్చండి. బావ ఫోటోలు సర్వర్‌కి పంపే పాస్‌వర్డ్‌ని నేను విడిగా రహస్యం.టెక్స్ట్‌లో పెట్టి, పెళ్ళి.టెక్స్ట్‌లోంచి దాన్ని @తో పిలిచాను, ఎందుకంటే పెళ్ళి.టెక్స్ట్‌ని ఆయన ఎవరడిగినా వాట్సాప్‌లో పంపేస్తుంటాడు.